మన కోటల కథ మన గ్రంథాలయాల్లో ఏది?

సంపాదకుల వారికి,

రాయలసీమ అనగానే బయటివాళ్లకే కాదు, మా బడి పిల్లలకు కూడా సినిమాల్లోని బాంబులు, వేటకొడవళ్లే గుర్తుకొస్తున్నాయి. పదో తరగతి పిల్లల్ని గండికోట తీసుకెళ్లినప్పుడు పెన్నా లోయ దగ్గర సెల్ఫీలు అయ్యాక ఒక అబ్బాయి, "మేడం, ఇంత కోట మీద యుద్ధం ఎవరు చేశారు?" అని అడిగాడు. తెలిసింది చెప్పాను. చదవడానికి పుస్తకం ఏదంటే మాత్రం మా ఊరి గ్రంథాలయానికి వెళ్లమని చెప్పలేకపోయాను. అక్కడ దినపత్రికలు, పోటీ పరీక్షల గైడ్లే తప్ప ఈ నేల గురించి ఒక్క పుస్తకం లేదు.

రాసినవాళ్లు లేక కాదు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి గండికోటకొచ్చి, అప్పటికే కోటను పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. ఫిరంగులు పోయించడానికి మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించాడని అతను రాశాడు. గండికోట గుడి విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులే ఏదో మంత్రం వేశారని సేనాని వాళ్లను బెదిరించాడట. చివరికి ఒక్క ఫిరంగీ తయారు కాలేదు. ఈ ఒక్క పేజీ మీద పిల్లలతో ఒక పీరియడంతా మాట్లాడొచ్చు.

అయితే ఊళ్లో ఉన్నవాళ్ల మీద యుద్ధం ఎలా పడుతుందో తెలియాలంటే కైఫీయత్తులు చదవాలి. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లిషువాళ్లకు వదిలేశాక, ఇంగ్లిషు సర్వే అధికారి కర్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన గ్రామ చరిత్రలవి. అడవి కొట్టి ఊరు కట్టిందెవరు, చెరువు తవ్వించిందెవరు, ఏ దండు వచ్చి ఊరు పాడైంది, జనం ఎటు పారిపోయారు, మళ్లీ కౌలిచ్చి రైతుల్ని ఎవరు పిలిపించారు, అన్నీ వాటిలో ఉంటాయి. రాజుల వంశావళి కన్నా ఈ మళ్లీ పిలిపించడమే నా మనసుకు పట్టింది. కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వీటిని సంపుటాలుగా అచ్చువేసింది. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. కానీ పల్లెల నుంచి కడప దాకా ఎంతమంది పిల్లలు వెళ్లగలరు?

1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి పోతూ కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగానే వెళ్లారు. దారిలో ఎక్కడ నీళ్లు మంచివో, ఎక్కడ సరుకులు దొరుకుతాయో రాసుకుంటూ పోయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లోనే అచ్చయింది.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సరిగ్గా జమ కావడం లేదన్నది పాత ఫిర్యాదే. ముందు అది జమ చేయించాలి. అందులోంచి కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోని ప్రతి శాఖా గ్రంథాలయంలో సీమ పుస్తకాలకు ఒక బీరువా పెట్టించాలి. ఇలాంటి యాత్రా గ్రంథాల్లో మన ఊళ్లకు సంబంధించిన భాగాలను తేలిక తెలుగులో చిన్న పుస్తకాలుగా, పిల్లలు కొనగలిగే ధరకు తేవాలి. గండికోట, గుత్తి, కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర వాటిని అమ్మాలి. గుత్తి కోటలో మరాఠా సర్దారు మురారిరావు హైదర్ అలీ ముట్టడికి నీళ్లు అయిపోయి లొంగిపోయిన సంగతి, ఆ కోట కిందే చదువుకుంటున్న పిల్లలకు పుస్తకంలో దొరకాలి కదా! వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు కనీసం కైఫీయత్తుల సంపుటాలైనా మండల కేంద్రాలకు చేర్చాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చరిత్ర ఉపాధ్యాయురాలు,
కడప జిల్లా