ఆస్పత్రి మంచం మీద కరిగిపోతున్న పెద్దల కండ

సంపాదకులకు నమస్కారం.

కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండిన వారందరికీ విస్తరించడంతో, ఖర్చుకు జంకి ఇంటిపట్టునే ఉండిపోయే పెద్దలు కొందరైనా ఆస్పత్రి గడప తొక్కే వీలు కలిగింది. అందుకు సంతోషించవలసిందే. అయితే న్యుమోనియా తగ్గో, ఆపరేషన్ సవ్యంగా జరిగో ఇంటికి చేరిన పెద్దలలో అనేకులు మునుపటిలా లేచి తిరగలేకపోతున్న సంగతి గురించి జరగవలసినంత చర్చ జరగడం లేదు. ఫిజియోథెరపిస్టుగా వార్డుల్లో చాలాకాలం పనిచేసిన అనుభవంతో ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

‘‘అమ్మ ఆటో దిగి తన కాళ్ల మీద తనే నడిచి వచ్చిందండీ. జ్వరమైతే తగ్గింది కానీ ఇప్పుడు బాత్రూముకు ఇద్దరం పట్టుకుని తీసుకెళ్లాల్సి వస్తోంది’’ అనే మాట వార్డుల్లో తరచూ వినబడుతుంది. వయసు మీద పడింది, నీరసం, మెల్లగా అదే తగ్గుతుంది అని మనవాళ్లు సర్దిచెబుతారు. వారం కిందట ఆమె వయసు మాత్రం ఎంత తక్కువని! ఆ వారంలో మారింది తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉన్న కండ. కుర్చీలోంచి లేవడానికి, మెట్లెక్కడానికి, కింద కూర్చునే మరుగుదొడ్డి నుంచి పైకి లేవడానికి ఆధారం ఆ కండరాలే. కదలిక ఆగిపోతే ముందుగా చిక్కిపోయేవీ అవే.

2007లో అమెరికా పరిశోధకులు ఏ జబ్బూ లేని, సగటున 67 ఏళ్ల వయసున్న కొద్దిమందిని 10 రోజులపాటు మంచం మీదే ఉంచి పరీక్షించగా, వారి కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గినట్టు తేలింది. వారు ఆరోగ్యవంతులనీ, ఆ 10 రోజులూ వేళకు భోజనం చేసినవారేననీ గమనించాలి. ఇక జ్వరంతోనో, ఇన్‌ఫెక్షన్‌తోనో, ఆపరేషన్ గాయంతోనో పడుకున్న వారి శరీరం గాయాన్ని మాన్చడానికీ, రోగంతో పోరాడడానికీ కావలసిన సరుకును తన కండనే కరిగించి సమకూర్చుకుంటుంది. పైగా వయసు పెరిగినకొద్దీ తిన్న మాంసకృత్తులను కండగా మార్చుకునే శక్తి మందగిస్తుంది. పాతికేళ్ల కుర్రవాడు కొద్ది వారాల్లో తిరిగి సంపాదించుకునేది డెబ్బై ఏళ్ల మనిషికి నెలలు పట్టవచ్చు, కొందరికి పూర్తిగా తిరిగి రాకనూ పోవచ్చు.

దీనికి తోడు మన పత్యం. పప్పు తింటే కుట్లు చీము పడతాయి, గుడ్డు వేడి చేస్తుంది, పెరుగు తింటే జలుబు చేస్తుంది అంటూ ఒక్కొక్కటే తీసేయగా పెద్దవారి కంచంలో మిగిలేది చారన్నం, ఇడ్లీ, పాలల్లో ముంచిన బ్రెడ్డు. బిడ్డలు ప్రేమతోనే పెడతారు, అందులో సందేహం లేదు. కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దలకే రోజూ కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని లెక్కకట్టింది. వృద్ధుల పోషణపై 2013లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల సిఫారసు ప్రకారం జబ్బుపడిన వృద్ధులకు కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు అవసరం. కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములు, గ్లాసుడు పాలల్లోనూ ఇంచుమించు అంతే. చారన్నంతో ఈ లెక్క ఏ పూటకు తేలుతుంది? గాయం మానడానికీ మాంసకృత్తులే కావాలి గనుక, పప్పును చూసి భయపడడం గాయానికి సైతం చేటే చేస్తుంది. ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవారి సంగతి వేరు, వారికి ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఆపరేషన్‌కు ముందు కడుపు మాడ్చడం గురించి కూడా చెప్పాలి. మత్తు వైద్యుల మార్గదర్శకాలు తేలికపాటి ఆహారాన్ని 6 గంటల ముందు వరకు, మంచినీళ్ల వంటి ద్రవాలను 2 గంటల ముందు వరకు సాధారణంగా అనుమతిస్తున్నా, రాత్రి భోజనం తర్వాత నోరు కట్టేయడం, మధ్యాహ్నానికి థియేటర్ ఖాళీ లేదని మర్నాటికి వాయిదా వేయడం, మళ్లీ ఆ రాత్రీ అదే తంతు నడపడం చాలాచోట్ల మామూలైపోయింది.

పెద్దవారు పడిపోతే మాట వస్తుందన్న భయంతో సిబ్బంది మంచానికి కడ్డీలు ఎత్తి ఉంచుతారు. అవసరం తీరినా మూత్రపు గొట్టం తీయరు, సెలైన్ స్టాండును కదపరు. నర్సులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వార్డు మొత్తానికి ఒకరిద్దరే ఉన్నచోట ఎవరిని నడిపించగలరు? అయితే మనకు ఒక వెసులుబాటు ఉంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ షారన్ ఇనౌయే 1990లలో, ఆస్పత్రిలో వృద్ధులు అయోమయానికి లోనుకాకుండా ఒక కార్యక్రమాన్ని రూపొందించి, వారిని నడిపించడానికీ దగ్గరుండి తినిపించడానికీ శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులను వినియోగించారు. మన వార్డుల్లో ప్రతి మంచం పక్కనా అటెండెంటు రాత్రింబవళ్లు ఉండనే ఉంటారు. వారు చేస్తున్నదల్లా కాళ్లు పట్టడం, ‘‘లేవకు, పడుకో’’ అనడం. ఎలా లేపాలో, ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు ఆపాలో ఫిజియోథెరపిస్టు పది నిమిషాలు చూపిస్తే ఆ చేతులే రోజుకు మూడుసార్లు నడిపించగలవు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన వృద్ధులను సైతం, వైద్యపరమైన అభ్యంతరం లేకపోతే, మర్నాడే లేపి నిలబెట్టాలని బ్రిటన్ 2011 నుంచే చెబుతోంది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అధికారులకు నా విజ్ఞప్తి ఒకటే. 60 ఏళ్లు దాటిన ప్రతి రోగి కేసు షీటులో, చేరిన రోజున ఎలా నడిచారో, బరువు ఎంతో, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయించి, డిశ్చార్జి నాడు మళ్లీ అవే రాయించాలి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఈ పరీక్షకు 12 సెకన్లను హద్దుగా పెట్టింది, అంతకన్నా తక్కువ వ్యవధిలో ముగించగలగాలి. యంత్రం అక్కరలేని పరీక్ష ఇది, చేతి గడియారం చాలు. కాకపోతే చాలా వార్డుల్లో మంచం పక్కన అటెండెంటు కూర్చునే స్టూలే తప్ప రోగి కూర్చోదగిన కుర్చీ లేదు. చేతులున్న గట్టి కుర్చీలు ముందుగా కొనిపించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజియోథెరపిస్టు,
కాకినాడ.