నార్మల్ ప్యాకేజీ అమ్మి ఆపరేషన్‌కి తేదీ వేసినందుకు ఫిర్యాదు

పేషెంట్ సేవల విభాగం మేనేజర్ గారికి,
కార్పొరేట్ కార్యాలయం, హైదరాబాద్.

విషయం: మొదటి కాన్పు ఆపరేషన్ నోట్స్ ఇవ్వకపోవడం, ‘సిజేరియన్ తర్వాత నార్మల్’ ప్యాకేజీ అడ్వాన్స్ వాపసు చేయకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

ఐదో నెల నుంచి మీ ఆసుపత్రిలోనే చూపించుకున్నాను. ఇప్పుడు నాకు 35వ వారం. ఎనిమిదో నెలలో డాక్టర్‌ని మార్చుకోవాల్సి వచ్చింది. ఎందుకు మారానో, మారాక మీవాళ్లు నన్ను ఎలా తిప్పుతున్నారో ఈ ఉత్తరంలో రాస్తున్నాను. నాకు అన్నిటికంటే ముందు కావాల్సింది మొదటి కాన్పులో ఆపరేషన్ ఎలా చేశారో రాసిపెట్టిన నోట్స్. డబ్బు సంగతి ఆ తర్వాత.

మా పెద్దబాబు రెండున్నరేళ్ల కిందట మీ ఇంకో బ్రాంచిలోనే పుట్టాడు. చివరిదాకా ఎదురుకాళ్లతోనే ఉన్నాడు కాబట్టి సిజేరియన్ చేశారు. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. ఈసారి బిడ్డ తల కిందికే ఉంది, బీపీ లేదు, షుగర్ లేదు. ఒక్క సిజేరియన్ అయినవాళ్లలో నొప్పుల కోసం ఎదురుచూసినవారికి నూటికి 72 నుంచి 75 మందికి నార్మల్ అవుతుందని, పాత కుట్టు విడిపోయే ప్రమాదం దాదాపు 200 మందిలో ఒకరికి ఉంటుందని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015 మార్గదర్శకాల్లో ఉంది. ఆ ఒక్కరిని నేనే కావచ్చని నాకు తెలుసు. అందుకే థియేటర్, మత్తు డాక్టర్, రక్తం సిద్ధంగా ఉండే పెద్ద ఆసుపత్రి కావాలని మీ దగ్గరికి వచ్చాను. ఆపరేషన్లు పెరిగేకొద్దీ తర్వాతి కాన్పుల్లో మాయ పాత కుట్టుకి అతుక్కుపోయే ముప్పు పెరుగుతుంది. మాకు మూడో బిడ్డ కావాలన్న ఆలోచన కూడా ఉంది.

మీ బ్రోషర్‌లో ‘సిజేరియన్ తర్వాత కూడా నార్మల్’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. అది చూసే 30,000 రూపాయల అడ్వాన్స్ కట్టాను. మొదటిసారి ఓపీలో డాక్టర్ గారు ‘తప్పకుండా ట్రై చేద్దామమ్మా’ అన్నారు. ఇలాంటి కేసుల్లో మీ దగ్గర ఎంతమందికి నార్మల్ అయిందని అడిగితే ‘అవన్నీ ఇప్పుడెందుకు, పాజిటివ్‌గా ఉండు’ అన్నారు. రాత్రిపూట మత్తు డాక్టర్ ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి పిలిపిస్తారా అని అడిగాను. ‘చూద్దాంలే’ అన్నారు. నొప్పులు వచ్చినప్పుడు డ్యూటీలో వేరే డాక్టర్ ఉంటే వాళ్లూ ఇదే మాట మీద ఉంటారా అంటే నవ్వి ఊరుకున్నారు.

ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త షరతు వచ్చి చేరింది. బిడ్డ మూడు కిలోలు దాటితే కుదరదన్నారు. స్కాన్‌లో చెప్పే బరువు అంచనాయే, నూటికి పదీ పదిహేను అటూ ఇటూ అవుతుందని మీ స్కానింగ్ డాక్టర్ గారే అదే రోజు నాకు చెప్పారు. తర్వాత 38 వారాల లోపు నొప్పులు వాటంతట అవే వస్తేనే అన్నారు. నెలలు నిండే కాన్పుల్లో 38 వారాల లోపే నొప్పులు ఎంతమందికి వస్తాయి? ఇంకోసారి కుట్టు పల్చగా ఉందన్నారు. ఎంత మందం ఉందని అడిగితే స్కాన్‌లో తెలిసిందన్నారు. ఆ స్కాన్ రిపోర్టు మా ఇంట్లోనే ఉంది. బిడ్డ బరువు, ఉమ్మనీరు, మాయ ఎక్కడుందో అన్నీ రాశారు. కుట్టు గురించి ఒక్క ముక్క లేదు.

నేను తేల్చుకున్న రోజు మా అత్తగారు కూడా నాతో వచ్చారు. బిడ్డ బరువు గురించి నేను అడుగుతుంటే డాక్టర్ గారు కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుని, ‘మీరు పెద్దవాళ్లు, మీరే చెప్పండమ్మా. మీకు మనవడు ముఖ్యమా, నార్మల్ ముఖ్యమా?’ అన్నారు. మా అత్తగారికి నోట మాట రాలేదు. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. రిస్క్ ఏమిటో, ఎంతో చెప్పమని అడిగింది నేను. నాకు సమాధానం చెప్పకుండా పక్కన కూర్చున్న పెద్దావిడను భయపెట్టడం ఏ పద్ధతి? సిజేరియన్‌లో కూడా తల్లికీ బిడ్డకీ రిస్కులు ఉన్నాయి. అన్ని నెలల్లో వాటి గురించి ఒక్క మాట ఎత్తలేదు.

బయటికి వచ్చాక బీపీ రాసే సిస్టర్ నా ఫైలు తెరిచారు. లోపలి అట్ట మీద నీలం ఇంకుతో ‘ఎలెక్టివ్ ఎల్‌ఎస్‌సిఎస్’ (అంటే ముందే తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్) అని, కింద నాకు సరిగ్గా 38 వారాలు నిండే తేదీ, పక్కన డాక్టర్ గారి సంతకం. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. మర్నాడు మీ కౌన్సెలర్ ఫోన్ చేసి, ‘మేడమ్, ముహూర్తం ఏమైనా పెట్టించుకుంటున్నారా? ఆ వారం పొద్దున స్లాట్లు తొందరగా నిండిపోతాయి’ అన్నారు. నార్మల్ ప్యాకేజీలో ఉన్న మనిషికి ముహూర్తం అడిగే ఫోన్ ఎందుకు వచ్చిందో మీరే చెప్పాలి. పైగా వేరే ఇబ్బంది లేనప్పుడు 39 వారాలు నిండక ముందు ముందస్తు సిజేరియన్ పెట్టుకోవద్దని, బిడ్డకు ఊపిరి తీసుకోవడం కష్టం కావచ్చని డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. నాకు 38కే ఎందుకు వేశారు?

అక్కడితో నాకు విషయం అర్థమైంది. ఆ డాక్టర్ గారు సిజేరియన్ బాగా చేస్తారేమో, నేను కాదనను. మొదటి రోజే ‘ఇలాంటి కాన్పులు నేను చేయను, రాత్రి మా దగ్గర మత్తు డాక్టర్ ఉండరు’ అని ఉంటే దండం పెట్టి వేరే చోటికి వెళ్లేదాన్ని. ఐదో నెలలో ఆ మాట చెబితే ఆడమనిషికి వెతుక్కునే టైమ్ ఉంటుంది. ఎనిమిదో నెలలో, కాళ్లు వాచి, చంకలో రెండేళ్ల పిల్లాడితో కొత్త డాక్టర్ కోసం తిరగడం ఎంత టెన్షనో మీ బ్రోషర్ రాసినవాళ్లకు తెలియకపోవచ్చు. చాలామంది ఇక ఇప్పుడు ఎక్కడికి పోతాం అని అక్కడే ఉండిపోతారు. ‘ట్రై చేద్దాం’ అనే మాట ఆ ఎనిమిదో నెల దాకా మనిషిని ఆపడానికే పనికొస్తోందని నా అనుభవం చెబుతోంది.

ఇప్పుడు నేను చూపించుకుంటున్న డాక్టర్ గారు కూడా నార్మల్ అవుతుందని హామీ ఇవ్వలేదు. అలా ఎవరైనా ఇస్తే నేనే నమ్మను. ఆవిడ మొదట అడిగింది పాత ఆపరేషన్ నోట్స్. తర్వాత ఏ పరిస్థితుల్లో ఆగుతారో, ఏ పరిస్థితి వస్తే వెంటనే థియేటర్‌కి తీసుకెళ్తారో నా ముందే కాగితం మీద రాసి, నాకొక కాపీ ఇచ్చారు. నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు ఆపకుండా మానిటర్ మీద చూస్తామని, తేడా వస్తే ఆలస్యం చేయమని, నొప్పులు రావడానికి మందులు వాడితే కుట్టు రిస్క్ పెరుగుతుంది కాబట్టి వాటి విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటామని చెప్పారు. తను ఊళ్లో లేకపోతే ఎవరు వస్తారో వాళ్ల పేరు చెప్పి, పరిచయం కూడా చేశారు. మీ దగ్గర నేను అడిగినవీ ఇవే ప్రశ్నలు. చివరికి ఆపరేషన్ అయినా ఆ డాక్టర్ గారి మాట మీద నాకు నమ్మకం ఉంటుంది.

ఆ నోట్స్ దగ్గరే మీరు నన్ను ఆపేశారు. కడుపు మీద బయటికి కనిపించే అడ్డగీత చూసి లోపల గర్భసంచి మీద కోత ఎలా పెట్టారో చెప్పలేం. ఎదురుకాళ్ల కాన్పుల్లో ఒక్కోసారి కోత పైకి పొడిగించాల్సి వస్తుందట. కింది భాగంలో అడ్డకోత అయితే నొప్పుల కోసం ఆగొచ్చు, పైదాకా వెళ్లిన నిలువుకోత అయితే ఆగకూడదు. ఇది తెలియకుండా ఏ డాక్టరూ ధైర్యం చేయరు, చేయకూడదు కూడా. డిశ్చార్జ్ సమ్మరీలో పొడి అక్షరాల్లో ఎల్‌ఎస్‌సిఎస్ అని రాసి వదిలేశారు. మీ మెడికల్ రికార్డ్స్ విభాగంలో అడిగితే ఆ బ్రాంచికి వెళ్లమన్నారు. ఆ బ్రాంచిలో ఫైలు గోడౌన్‌లో ఉందన్నారు. ఇక్కడి రిసెప్షన్‌లో ఒకరైతే ‘డాక్టర్ మారిపోయారు కదా, ఇంక మీకెందుకు ఇవ్వాలి?’ అని మొహం మీదే అడిగారు.

ఎందుకు ఇవ్వాలో చెబుతాను. 2002 మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన పేషెంట్ హక్కుల చార్టర్‌లో వేరే డాక్టర్ సలహా తీసుకునే హక్కు ఉంది. దానికి కావాల్సిన కాగితాలన్నీ ఆలస్యం లేకుండా, అదనపు ఖర్చు లేకుండా ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. నా మొదటి ఆపరేషన్‌కి ఇంకా మూడేళ్లు నిండలేదు.

ఇక అడ్వాన్స్. డాక్టర్‌ని మార్చుకుంటే డబ్బు వాపసు లేదని రసీదు వెనక సన్న అక్షరాల్లో ఉందని అకౌంట్స్ వాళ్లు చూపించారు. ఓపీ ఫీజులు, స్కాన్లు, రక్తపరీక్షలు అన్నిటికీ నేను విడిగా కట్టాను. ఈ 30,000 కాన్పు కోసం కట్టింది, ఆ కాన్పు మీ దగ్గర జరగట్లేదు. పైగా మీరు అమ్మింది నార్మల్ ప్యాకేజీ, రాసింది ఆపరేషన్ తేదీ. మాట తప్పింది మీరైనప్పుడు సన్న అక్షరాలు నాకెలా వర్తిస్తాయి?

తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగే కాన్పుల్లో నూటికి 81కి పైగా సిజేరియన్లే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది 44 చిల్లర, దేశం మొత్తం మీద అన్ని కాన్పులూ కలిపి చూస్తే 21 చిల్లర. ఇలాంటి చోట ‘నార్మల్’ అనే మాటకి ఆడవాళ్లు ఎంత ఆశపడతారో మీకు బాగా తెలుసు కాబట్టే దాన్ని బ్రోషర్ మీద వేశారు. మరి మీ ఆసుపత్రి లెక్కలు కూడా దాని పక్కనే వేయండి. కాన్పులను రాబ్సన్ పద్ధతిలో పది గ్రూపులుగా విడదీసి లెక్క చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నాలాంటి పాత సిజేరియన్ వాళ్లు ఐదో గ్రూపు. ఆ గ్రూపులో మీ దగ్గర ఎంతమంది నొప్పుల దాకా ఆగారు, ఎంతమందికి నార్మల్ అయింది, డాక్టర్ల వారీగా చెప్పండి. ఏ పేషెంట్ పేరూ బయటపడనక్కర్లేదు. కష్టమైన కేసులు ఎక్కువ చూసే డాక్టర్లకు ఆపరేషన్లు ఎక్కువ ఉంటాయని మాకూ తెలుసు, అదీ రాయండి. ఆ లెక్క చేతిలో ఉంటే ఏ డాక్టర్ మన వైపు నిలబడతారో ఐదో నెలలోనే తేలిపోతుంది.

ఆపరేషన్ నోట్స్ పూర్తి కాపీ ఈ ఉత్తరం అందిన 72 గంటల్లో నా మెయిల్‌కి పంపించండి. వచ్చే గురువారం నాకు చెకప్ ఉంది, అప్పటికి అవి డాక్టర్ గారి చేతిలో ఉండాలి. నా అడ్వాన్స్ పదిహేను రోజుల్లో వెనక్కి ఇవ్వండి. నాతో మాట్లాడకుండా నా ఫైలులో ఆపరేషన్ తేదీ ఎందుకు వేశారో సదరు డాక్టర్ గారి నుంచి రాతపూర్వకంగా తెప్పించండి. ఐదో గ్రూపు లెక్కలు ఇవ్వలేకపోతే బ్రోషర్ నుంచి ఆ వాక్యం తీసేయండి. ఇవేవీ జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. రికార్డుల విషయం రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి కూడా రాస్తాను.

అడ్వాన్స్ రసీదు, స్కాన్ రిపోర్టు, తేదీ రాసి ఉన్న ఫైలు అట్ట ఫొటో, రికార్డుల కోసం పెట్టుకున్న అర్జీ కాపీ జతచేశాను. నా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వాటి మీద ఉన్నాయి. ఫోన్ చేయాలనుకుంటే నాకే చేయండి, మా అత్తగారికి చేయొద్దు.

ఇట్లు,
మీ ప్రసూతి విభాగం పేషెంట్