వార్షిక నివేదిక 2024–25: కూర్చున్న చోటికే తోట

సభ్యులందరికీ నమస్కారం.

వినాయక చవితి పందిరి, కాలువల పూడిక, వీధి దీపాల అర్జీలు ఎప్పటిలాగే నడిచాయి. వాటి జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం, చూసుకోండి. ఈసారి ఎక్కువ చోటు తోట పనికే ఇస్తున్నాను. ఎక్కువ తప్పులు చేసిందీ, ఎక్కువ నేర్చుకున్నదీ అక్కడే.

పోయిన సర్వసభ్య సమావేశంలో చక్రాల కుర్చీలో ఉండే మన మాస్టారు అడిగిన మాట గుర్తుండే ఉంటుంది. "అందరూ మిద్దెతోట, మిద్దెతోట అంటారు. మా డాబాకి ఇరవై ఒక్క మెట్లు. ఆ తోట నా కోసం కిందికి దిగి వస్తుందా?" అప్పటికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఏడాది తిరిగేసరికి నాలుగు ఇళ్ళలో తోట కింది వాకిట్లోకి దిగింది.

మొదటి తప్పు మాస్టారింట్లోనే చేశాం. కుర్చీలో కూర్చుంటే చెయ్యి ఆడే ఎత్తు కదా అని తాపీమేస్త్రి చేత 75 సెంటీమీటర్ల ఎత్తున కడప బండ బల్ల కట్టించి, దాని అంచుల్లోనే 30 సెంటీమీటర్ల లోతు మట్టిపెట్టె చేయించాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తీరా ఆయన కుర్చీ తోసుకొస్తే మోకాళ్ళు పెట్టెకి తగిలి ఆగిపోయాయి. రెండు వారాలు పక్కకి తిరిగి నడుము మెలిపెట్టి పనిచేశారు, మొహమాటంతో మాకు చెప్పలేదు. వాళ్ళావిడ చెబితే తెలిసింది.

చిక్కు ఏమిటంటే, మోకాళ్ళు దూరాలంటే కింద దాదాపు 68 నుంచి 70 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. దాని మీద లోతు మట్టి పోస్తే అంచు గెడ్డం దాకా వస్తుంది. అందుకే పెట్టె అడుగు ఏటవాలుగా మార్పించాం: కుర్చీ వైపు మట్టి లోతు 12 సెంటీమీటర్లు, వెనక వైపు 25. ముందు వరసలో మెంతి, కొత్తిమీర, తోటకూర. వాటి వేళ్ళకి అంత లోతు చాలు. వంగ, మిరప వెనక్కి వెళ్ళాయి. వెడల్పు కూడా 60 సెంటీమీటర్లకి తగ్గించాం, ఒకవైపు నుంచే అందుకోవాలి కాబట్టి. రెండువైపులా తిరిగే వీలుంటే 120 దాకా పెట్టుకోవచ్చు.

దారి సంగతి. కుర్చీ పోవడానికి 90 సెంటీమీటర్లు, వెనక్కి తిరగడానికి 150 సెంటీమీటర్ల చుట్టు కావాలి. కంకర పొయ్యకండి, చక్రం దిగబడుతుంది. నున్నటి టైల్సూ వద్దు, వానకి జారతాయి. గరుకు పేవర్లు బాగున్నాయి.

రెండో ఇంటి మామ్మగారు వాకర్‌తో నడుస్తారు. ఒక చేత్తో వాకర్ పట్టుకుంటే మిగిలేది ఒక చెయ్యే. మడి అంచున స్టీలు గొట్టం బిగించాక ఆవిడకి ధైర్యం వచ్చింది. మొదట మామూలు ఇనుప గొట్టం వేశాం. సముద్రపు గాలికి రంగు కింద నుంచే తుప్పు పట్టింది. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు! ముళ్ళ మొక్కలు వద్దన్నాం, షుగరుతో కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కినవాళ్ళకి ముల్లు గుచ్చినా తెలియదని. మామ్మగారు విన్నారు, తలూపారు, మర్నాడు గులాబీ నాటించారు. ఆవిడ తోట, ఆవిడ గులాబీ.

పక్షవాతంతో కుడిచెయ్యి పట్టు తప్పిన బాబాయిగారికి నీళ్ళే సమస్య. పది లీటర్ల డబ్బా అంటే పది కిలోలు. 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపు, బ్యాటరీ టైమరు పెట్టాం. తవ్వుకోల పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేస్తే ఎడమచేతికి పట్టు దొరికింది. ఈ ఏడు పెట్టిన ఖర్చులన్నింట్లో దాదాపు ఉచితంగా అయిన పని ఇదొక్కటే. చంకకర్రల చెల్లెమ్మ దొండపందిరి అడిగింది. తలమీది పందిరైతే కోయడానికి మళ్ళీ ఇంకొకరు కావాలి. అందుకని గోడకి చేరవేసి మనిషి ఛాతీ ఎత్తు దాకానే దడి కట్టాం.

డాబా మీదే కావాలనేవాళ్ళకి ఒక హెచ్చరిక. 120 బై 60 పెట్టెలో 30 సెంటీమీటర్ల తడిమట్టి పోస్తే మూడున్నర క్వింటాళ్ళు దాటుతుంది. కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువ కలిపి బరువు తగ్గించండి, పెట్టెలు దూలాల మీదకి వచ్చేలా పెట్టండి. పిట్టగోడ మీద కుండీలు మాత్రం వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలికి ఎవరి డాబా మీది వస్తువు ఎవరి వాకిట్లో పడిందో ఇంకా మర్చిపోలేదు. కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలవనివ్వకండి, డెంగీ దోమకి ఆ కాసిని నీళ్ళు చాలు.

వేసవిలో కొత్తిమీర నిలవలేదు. నీడవల కట్టాక బచ్చలి, గోంగూర మాత్రం ఆగాయి. వచ్చే ఏడాదికి ఆరిళ్ళవాళ్ళు అడిగారు. ఈసారి మేస్త్రి కంటే ముందు టేపుతో నేను వస్తాను. మీరు కూర్చునే కుర్చీలోనే, వేసుకునే చెప్పులతోనే కొలత తీసుకుంటాం. ఖాళీ నీలం డ్రమ్ములుంటే పారెయ్యకండి, నిలువునా కోస్తే రెండు తొట్లు అవుతాయి.

ఆఖరి విషయం కొంచెం సిగ్గుతో రాస్తున్నాను. మన సంఘం హాలుకి మూడు మెట్లున్నాయి. పోయినసారి మాస్టారిని కుర్చీతో సహా నలుగురం ఎత్తి లోపలికి తెచ్చాం. పన్నెండుకి ఒకటి వాలు లెక్కన 45 సెంటీమీటర్ల ఎత్తుకి 5 మీటర్ల 40 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. గేటుకీ గుమ్మానికీ మధ్య అంత చోటు లేదు కనుక మధ్యలో చదును వదిలి గోడవారగా మలుపు తిప్పాలి. అంచనా వేయించాం, మీ ఆమోదం కోసం పెడుతున్నాం. అది పూర్తయ్యేదాకా సమావేశాలు మాస్టారి వాకిట్లోనే జరుగుతాయి. ఆయన ఒప్పుకున్నారు. టీలోకి పుదీనా ఆయన మడిలోదే.

— కార్యదర్శి