ఆంచెలోట్టి చిరునవ్వు వెనక పదేళ్ల పని ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్ కోచ్ కార్లో ఆంచెలోట్టి మీద మీ క్రీడాపుటలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. కోచ్‌గా యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో అయిదు టైటిళ్లు (2003, 2007, 2014, 2022, 2024), యూరప్‌లోని అయిదు పెద్ద లీగుల్లోనూ విజయం, 2025లో బ్రెజిల్ జట్టు బాధ్యత... లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వీటన్నిటికీ వ్యాసకర్త చెప్పిన కారణం మాత్రం ఒక్కటే: స్టార్లను బుజ్జగించడం ఆయనకు బాగా తెలుసట. కోచ్‌గా తొలి రోజుల్లో ఆయన స్టార్లను బుజ్జగించలేదు సరికదా, ఒకరిని పోగొట్టుకుని, ఇంకొకరిని వద్దన్నారు. ఆ తర్వాత ఏం మార్చుకున్నారన్నదే అసలు సంగతి. 1992లో ఆట మానేసినప్పటి నుంచి 2002 దాకా సాగిన ఆ పదేళ్లకు వ్యాసంలో దక్కినవి రెండే వాక్యాలు.

ఆటగాడిగా ఆయన మిడ్‌ఫీల్డర్. పార్మాలో మొదలై రోమా, మిలాన్ జట్లకు ఆడారు. మోకాలి గాయాల వల్ల 1982 ప్రపంచ కప్పు, 1984 యూరోపియన్ కప్ (నేటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్ రెండూ తప్పిపోయాయి. 1987లో మిలాన్‌కు వచ్చి అక్కడి కోచ్ అరిగో సాకీ చేతిలో పడ్డారు. సాకీ పట్టుబట్టిన పద్ధతి 4-4-2, అంటే నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు. వెనక డిఫెండర్ల వరుసకూ ముందున్న స్ట్రైకర్లకూ మధ్య 25, 30 మీటర్లకు మించి దూరం ఉండకూడదు. ప్రాక్టీసులో ఒక్కోసారి బంతే ఉండేది కాదు. బంతి ఫలానా చోట ఉందని సాకీ కేకవేస్తే పదకొండు మందీ ఆ వైపు ఒక్కసారిగా జరగాలి. 1989, 1990లలో మిలాన్ గెలిచిన యూరోపియన్ కప్పులు ఈ క్రమశిక్షణ ఫలితమే. ఆట మానేశాక ఆంచెలోట్టి అదే సాకీ దగ్గర ఇటలీ జట్టుకు అసిస్టెంట్‌గా చేరారు. 1994లో ఆ జట్టు ప్రపంచ కప్పు ఫైనల్ ఆడి, పెనాల్టీల్లో బ్రెజిల్‌కు ఓడింది. 1995లో రెండో డివిజన్‌లోని రెజ్జానాకు కోచ్ అయి ఒక్క సీజన్‌లోనే పైకి తెచ్చారు. 1996లో పార్మా పిలిచింది.

చిక్కు అక్కడే మొదలైంది. గురువు దగ్గర నేర్చిన 4-4-2ను మక్కీకి మక్కీ దించారు. ఆ పద్ధతిలో పదో నంబర్ ఆటగాడికి, అంటే స్ట్రైకర్ల వెనక స్వేచ్ఛగా తిరిగేవాడికి, స్థానం లేదు. నలుగురు మిడ్‌ఫీల్డర్లూ ఒకే వరుసగా అటూ ఇటూ జరుగుతుండాలి. బంతి పోయాక అంచున ఉన్నవాడు వెనక్కి రాకపోతే, ఆ వైపు ఫుల్‌బ్యాక్ (అంచు డిఫెండర్) మీదికి ప్రత్యర్థులు ఇద్దరు వచ్చి పడతారు. వాడికి సాయంగా సెంటర్ బ్యాక్ (నడిమి డిఫెండర్) పక్కకు జరిగితే గోల్ ముందు ఖాళీ. ఒక్కడు గీత దాటితే నలుగురికి తంటా. అందుకని పార్మా పదో నంబర్ ఆటగాడు జియాన్‌ఫ్రాంకో జోలాను ఎడమ అంచుకు పంపారు. అక్కడ ఇమడలేక అతడు 1996 నవంబరులో చెల్సీకి వెళ్లిపోయాడు. మరుసటి వేసవిలో రాబెర్టో బాజ్జో వస్తానన్నాడు, స్ట్రైకర్ల వెనక ఆడతానన్నాడు. ఆంచెలోట్టి ఒప్పుకోలేదు. బాజ్జో బొలోన్యాకు వెళ్లి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. ఇంత జరిగినా, 1996-97లో పార్మా రెండో స్థానంలో నిలిచింది, యువెంటస్‌కు రెండే పాయింట్ల దూరంలో. అంత మంచి ఫలితం వచ్చాక పద్ధతిలో తప్పుందని ఎవరికి తోస్తుంది? బాజ్జోను వద్దనడం పొరపాటేనని ఆయనే తర్వాత బాహాటంగా చెప్పుకున్నారు.

1999లో యువెంటస్‌కు వచ్చేసరికి ఎదురుగా జిదాన్. అంతటివాణ్ని అంచుకు నెట్టడం ఎవరి తరమూ కాదు. మొదటిసారిగా ఆంచెలోట్టి ఫార్మేషన్‌నే (ఆటగాళ్ల అమరికనే) మార్చారు: వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, వారి ముందు స్వేచ్ఛగా జిదాన్, ఇద్దరు స్ట్రైకర్లు. రెండు సీజన్లూ రెండో స్థానమే, ఒకసారి ఒక పాయింటు తేడా, మరోసారి రెండు. క్లబ్ ఆయన్ను సాగనంపింది.

ఆ తర్వాత ఆయన కోచ్‌గా చేరిన మిలాన్ దగ్గర వ్యాసంలో ఒక సవరణ అవసరం. పదో నంబర్ ఆటగాడైన ఆంద్రియా పిర్లోను డిఫెండర్ల ముందుకు తెచ్చి ఆడించిన మొదటి వ్యక్తి ఆంచెలోట్టి అని రాశారు. కాదు. 2001లో బ్రెషియా క్లబ్‌లో కోచ్ కార్లో మజోనే ముందే ఆ పని చేశాడు, ఎందుకంటే అక్కడ పదో నంబర్ స్థానంలో బాజ్జో ఉన్నాడు! ఆంచెలోట్టి ఘనత వేరే ఉంది: ఆ మార్పు చుట్టూ మొత్తం జట్టును కట్టడం. పదో నంబర్ స్థానంలో పిర్లో గోల్‌కు వీపు పెట్టి బంతి అందుకోవాలి, వెనకే ఒక డిఫెండర్ అంటుకుని ఉంటాడు. కిందికి జరిపితే మైదానమంతా ఎదురుగా కనబడుతుంది, చేతిలో ఒకటి రెండు సెకన్లు ఎక్కువ ఉంటాయి. ట్యాక్లింగ్ (ప్రత్యర్థి కాళ్ల దగ్గరి బంతిని లాక్కోవడం) అతడి వల్ల కాదు కాబట్టి ఆ పరుగు గట్టూసో, సీడార్ఫ్‌ల వంతు. పైకొసన రూయి కోస్టా, తర్వాత కాకా. నలుగురు మిడ్‌ఫీల్డర్లూ కలిస్తే డైమండ్ ఆకారం. 2003 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఈ జట్టు పెనాల్టీల్లో ఓడించింది యువెంటస్‌నే.

డైమండ్‌కు ధర ఉంది. అంచుల్లో మిడ్‌ఫీల్డర్ ఉండడు, ఒక్కో వైపూ ఫుల్‌బ్యాక్ ఒక్కడే దిక్కు. 2005లో లివర్‌పూల్‌తో ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇదే దెబ్బకొట్టింది. మొదటి సగంలో కాకాను ఆపేవాడు లేక లివర్‌పూల్ 0-3తో వెనకబడింది. విరామంలో లివర్‌పూల్ కోచ్ బెనీతెజ్ మిడ్‌ఫీల్డర్ హామన్‌ను దించి, వెనక ముగ్గురితో సరిపెట్టాడు. కాకాకు కళ్లెం పడింది, జెరార్డ్ ముందుకెళ్లాడు, ఎడమ అంచున రీసెకు చోటు దొరికింది. 54వ నిమిషంలో రీసె క్రాస్, జెరార్డ్ హెడర్. 60వ నిమిషానికి 3-3. మిలాన్ పెనాల్టీల్లో ఓడింది. దీన్ని దురదృష్టమని ఒక్క మాటతో తేల్చేస్తే ఆట అర్థం కాదు.

2014లో రియల్ మాడ్రిడ్‌లో ఏం చేశారో పార్మా పక్కన పెట్టి చూడండి. ఎడమ వైపు రొనాల్డో వెనక్కి రాడు. 1996లో అయితే ఆయన్ను అడ్డుకున్న సమస్య ఇదే. ఈసారి రొనాల్డోను మార్చాలని చూడలేదు. వింగర్ (అంచున ముందుకు ఆడేవాడు) అయిన డి మరియాను మధ్య ముగ్గురిలో ఎడమ పక్కన పెట్టారు. బంతి పోగానే అతడు ఎడమ అంచుకు జారతాడు, కుడివైపు బేల్ దిగుతాడు, 4-3-3 కాస్తా 4-4-2 అవుతుంది. సాకీ గీత అలాగే ఉంది, దాన్ని నిలబెట్టే కాళ్లు మారాయంతే. 2023లో బెంజిమా వెళ్లిపోయి అసలు సిసలు స్ట్రైకర్ లేనప్పుడు మళ్లీ డైమండ్ బయటికి తీసి, పైకొసన బెల్లింగ్‌హామ్‌ను పెట్టారు. ఆ సీజన్ లీగ్‌లో అతడివి 19 గోల్స్.

బుజ్జగింపు ఒక్కటే చాలదనడానికి వ్యాసంలో కనిపించని రెండు ఉద్యోగాలు కూడా సాక్ష్యమే. 2017 సెప్టెంబరులో పారిస్ సాంజెర్మాన్ జట్టు చేతిలో 0-3తో ఓడగానే బేయర్న్ మ్యూనిక్ తీసేసింది. 2019 డిసెంబరులో గెంక్ మీద 4-0తో గెలిచిన రాత్రే నాపోలి తీసేసింది.

ఇలాంటి వ్యాసాలతో పాటు కప్పు పట్టుకున్న ఫొటోకు బదులు రెండు చిన్న ఫార్మేషన్ బొమ్మలు వేయండి: బంతి మన దగ్గరున్నప్పుడు ఎవరెక్కడ, పోయినప్పుడు ఎవరెక్కడ. 2014 మాడ్రిడ్ జట్టుతో మొదలుపెడితే బాగుంటుంది. రెండు కాలమ్‌ల వెడల్పు చాలు.

– ఒక పాఠకుడు