దిమ్మెల మీది ఆవిరి ఇంజన్లు: ముందు బాయిలర్ చూడండి

సంపాదకుడికి,

పాత ఆవిరి ఇంజన్ కనబడితే రంగు వేసి, స్టేషన్ ముందు సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి, పక్కన నాలుగు పూలకుండీలు పెట్టడం మన రైల్వేలో ఆనవాయితీ. వాటిలో కొన్నింటినైనా మళ్లీ పట్టాలెక్కించి పర్యాటక బండ్లకు కట్టాలని చాలామంది కోరుతుంటారు. నేనూ వారిలో ఒకణ్ణే. అయితే ఏ ఇంజన్‌ను నడపాలన్నది దాని పేరునో, వయసునో, వచ్చి ఫొటోలు దిగేవాళ్ల సందడినో చూసి తేల్చే వ్యవహారం కాదు.

మొదటి చిక్కు గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు. దిమ్మెల మీద ఉన్నవాటిలో వైపీ, వైజీ లాంటి మీటర్ గేజ్ ఇంజన్లు, వాటికన్నా చిన్నవైన నారోగేజ్ ఇంజన్లు బోలెడు. దేశమంతా ఒకే గేజ్ ఉండాలని 1992లో మొదలైన యూనిగేజ్ పథకంతో ఆ లైన్లు చాలావరకు బ్రాడ్‌గేజ్‌గా మారిపోయాయి. డార్జిలింగ్, నీలగిరి లాంటి కొండలైన్లు మాత్రం నిలిచాయి. అలాంటి లైనుకు సరిపోని చిన్న ఇంజన్‌ను కోట్లు పోసి బాగుచేసి ఏం చేసుకుంటాం? బ్రాడ్‌గేజ్‌లోనూ ఒంటరి రకాల జోలికి పోకుండా డబ్ల్యూపీ, డబ్ల్యూజీ లాంటివి ఎంచుకోవడం మేలు. డబ్ల్యూజీలు ఒకే నమూనాలో రెండు వేలకు పైగా తయారయ్యాయి. ఒకదాని భాగం మరోదానికి సరిపోతుంది. 1970లో చిత్తరంజన్ కర్మాగారంలో తయారైన చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్ ‘అంతిమ్ సితారా’ కూడా డబ్ల్యూజీయే.

ఇక అసలు సంగతి నీటిని ఆవిరి చేసే బాయిలర్. బయట నిగనిగలాడే నల్లరంగును బట్టి లోపలి స్థితి చెప్పలేం. షెడ్డులో చివరిసారి నిప్పు ఆర్పినప్పుడు బొగ్గు మండే ఫైర్‌బాక్స్ అడుగున మిగిలిన బూడిద, మసి చెమ్మకు తడిసి ఏళ్ల తరబడి ఉక్కురేకును తింటూనే ఉంటాయి. బాయిలర్‌కు వేడి పోకుండా చుట్టిన పొర నీళ్లు పీల్చుకుని తుప్పును పై తొడుగు కిందే దాచిపెడుతుంది. ఆ పొర ఆస్‌బెస్టాస్ అయితే విప్పడానికే వేరే జాగ్రత్తలు కావాలి. అందుకే బాయిలర్ లోపల వేడిపొగ సాగే ట్యూబులన్నీ ఊడదీసి, రేకు మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో అంగుళం అంగుళం కొలవాలి. ఫైర్‌బాక్స్‌ను బాయిలర్‌కు బిగించి పట్టుకునే స్టేబోల్టులు వందల్లో ఉంటాయి. ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి వింటారు. ఖంగుమంటే సరే, మొద్దుగా పలికితే విరిగిందని అనుమానించాల్సిందే. ఇదంతా అయ్యాకే ఖర్చు అంచనా వేయాలి. మనవాళ్లు ముందు ప్రారంభోత్సవం తేదీ వేసుకుంటారు, అదే భయం.

ఇది చాదస్తం కాదు. 1995లో అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో పర్యాటక బండి లాగుతున్న ఆవిరి ఇంజన్‌లో నీరు తగ్గిపోయి, ఫైర్‌బాక్స్ పైరేకు వేడికి దెబ్బతిని, క్యాబ్‌లోని ముగ్గురు సిబ్బంది కాలిన గాయాల పాలయ్యారు. ఆ తర్వాత అక్కడ నిబంధనలు బిగించారు. 1,472 పనిదినాలు నడిచినా, లేదా 15 ఏళ్లు నిండినా, ఏది ముందైతే అప్పుడు బాయిలర్‌ను పూర్తిగా విప్పి పరీక్షించాల్సిందే. అదే దేశంలో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ బిగ్ బాయ్ అనే భారీ ఆవిరి ఇంజన్ల రకంలో మిగిలిన ఎనిమిది ఇంజన్లలో 4014 నంబరును ఎంచుకుంది. కాలిఫోర్నియాలోని పొమోనాలో, పొడి వాతావరణంలో, శ్రద్ధగా చూసుకునే ఔత్సాహికుల చేతుల్లో ఉన్న ఇంజన్ అది. 2013లో వెనక్కి తీసుకుని 2019 మేలో మళ్లీ నడిపారు. అంత డబ్బు, అంత వర్క్‌షాపు ఉన్న కంపెనీకే అన్నేళ్లు పట్టింది.

మనకు చేతకాదని కాదు. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజన్‌ను 1997లో మళ్లీ నడిపాం. హర్యానాలోని రేవాడీ షెడ్డులో డబ్ల్యూపీలు ఇప్పటికీ నిప్పు రాజేసుకుంటున్నాయి. తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ రైల్వే వర్క్‌షాపు ఈ శతాబ్దంలోనే నీలగిరి లైనుకు కొత్త ఆవిరి ఇంజన్లే చేసి ఇచ్చింది. లోటల్లా కాపలాలోనూ మనుషుల్లోనూ ఉంది. ఫెయిరీ క్వీన్ భాగాలను 2011లో దొంగలు పట్టుకుపోయారు! ఇక దిమ్మె మీది ఇంజన్ల ఇత్తడి సామాను సంగతి వేరే చెప్పాలా. బ్రాడ్‌గేజ్‌లో ఆవిరి సర్వీసులు 1995 డిసెంబరులోనే ఆగిపోయాయి. అప్పటి ముప్ఫై ఏళ్ల ఫైర్‌మన్‌కి ఇప్పుడు అరవై దాటాయి. గేజ్ గ్లాసులో నీటిమట్టం చూస్తూ, ఇంజన్ చప్పుడును బట్టి నిప్పును సర్దుకోవడం మాన్యువల్ చదివితే వచ్చేది కాదు. రిటైరైనవాళ్లకు గౌరవ వేతనమిచ్చి, కుర్ర ఫిట్టర్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టాలి.

దేశంలో దిమ్మె ఎక్కిన ప్రతి ఇంజన్ నంబరు, గేజ్, చివరి బాయిలర్ పరీక్ష తేదీ, పోయిన భాగాల జాబితా రైల్వే బోర్డు అందరికీ కనబడేలా పెట్టాలని నా విన్నపం. అందులోంచి పది నడిపినా చాలు. మిగతావాటి భాగాలు వాడుకోవాల్సి వస్తే ఏది ఎక్కడికి వెళ్లిందో రాసి పెట్టాలి. ఎక్కడ నడపాలన్నదీ ముందే తేలాలి. 25 వేల వోల్టుల తీగల కింద ఇంజన్ వెనకుండే బొగ్గుబండి (టెండర్) ఎక్కి బొగ్గు సర్దడం ప్రాణాలతో చెలగాటం. నీళ్లు పట్టే గొట్టాలూ, ఇంజన్‌ను తిప్పే టర్న్‌టేబుళ్లూ చాలాచోట్ల పోయాయి.

ఈలోగా పెద్దగా ఖర్చు లేని పనులున్నాయి. ఫైర్‌బాక్స్‌లో బూడిద ఎత్తివేసి, పొగగొట్టానికి మూత పెట్టి, పైన రేకుల కప్పు వేయడం. వచ్చే వానాకాలం లోపే ఇవి చేయొచ్చు, టెండర్లు పిలిచే పని కూడా లేదు.

ఇట్లు
ఒక పాఠకుడు