తెల్లకాగితం

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. పక్కనే మీ నాన్న ఉండటంతో చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. నీ సొంత ఫోన్‌లో మీ ఆఫీసు వాళ్ళ యాప్ వేసుకోమంటే వేసుకున్నావు. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో పది నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్ తీస్తుంటే ఊరుకున్నావు. నా ఆపరేషన్‌కి సెలవు పెట్టినప్పుడు మాత్రం, 'అమ్మకి బాగాలేదన్నావు, యాప్‌లో హైదరాబాద్‌లోనే ఉన్నట్టు చూపిస్తోందేం?' అని మీ మేనేజర్ అందరి ముందూ అడిగాడు. నన్ను చేర్చిందే హైదరాబాద్ ఆసుపత్రిలో! ఆ మాటే చెప్పి, సెలవు రోజున నేనెక్కడుంటే మీకెందుకని అడిగావు. ఆ నెల నుంచే నీ రేటింగ్ పడిపోయింది. ఇప్పుడేమో హెచ్ఆర్ వాళ్ళు 'మీ అంతట మీరే రిజైన్ చేస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం' అంటున్నారు.

నేను బట్టల షాపులో పనిచేసిన సంగతి నీకు తెలుసు. నీకెప్పుడూ చెప్పనిది ఒకటుంది.

పొద్దున పదింటికి వెళ్ళగానే పర్సులో ఎంత డబ్బుందో పుస్తకంలో రాయించాలి. రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర సూపర్‌వైజర్ సంచి బోర్లించేవాడు. టిఫిన్ బాక్సు మూత తీసి చూసేవాడు. ఒకరోజు కాగితంలో చుట్టిపెట్టుకున్న ప్యాడ్లు కూడా విప్పాడు. నేను తల వంచుకున్నాను. నా వెనకాల నిలబడిన అక్క మాత్రం 'ఆడమనిషిని పెట్టండి, అప్పుడు చూపిస్తాం' అంది. వారం తిరక్కుండా ఒకావిడని పెట్టారు.

దసరా అమ్మకాలు అయిపోయాక స్టాకులో ఒక చీర తగ్గిందన్నారు. మా అందరి చేతా తెల్లకాగితం మీద సంతకాలు తీసుకున్నారు. అక్క సంచిలో చీర దొరకడం మేమంతా చూశామని దాని మీద రాసుకున్నట్టు తర్వాత తెలిసింది. ఆవిడకి ఆ నెల జీతం కూడా ఇవ్వలేదు. ఆ కాగితం మీద నా సంతకం ఉంది బుజ్జీ.

తర్వాత ఎల్‌ఐసీ ఏజెంటుగా చేరినప్పుడు, ఆఫీసులో ఒకావిడ ఓ కేసు గురించి చెప్పింది. ఎల్‌ఐసీ వాళ్ళు ఉద్యోగంలో చేరే ఆడవాళ్ళని నెలసరి సరిగ్గా వస్తుందా, చివరిసారి ఏ తేదీన వచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని ఫారంలో అడిగేవారట. ప్రొబేషన్‌లో ఉన్న ఒకామె కాన్పు సెలవు పెడితే, ముందు కారణమే చెప్పకుండా తీసేశారు. తర్వాత కోర్టులో, ఆ తేదీ తప్పు రాసిందన్నారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమంది. అలాంటి ప్రశ్నలు అవమానకరమనీ, ఫారంలోంచి తీసెయ్యమనీ చెప్పింది.

అది ప్రభుత్వ సంస్థ, మాది ప్రైవేటు అంటావేమో. గుంటూరు బాబాయిని అడిగాను. వకీలు కదా, సూటిగా చెప్పడు. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు గానీ, అది ముఖ్యంగా ప్రభుత్వం మీద చెల్లే హక్కట. 2023లో మన వివరాల రక్షణకంటూ చట్టం చేశారు గానీ, ఉద్యోగానికి సంబంధించిన వాటికి నీ అనుమతి అడక్కుండానే వాడుకునే వెసులుబాటు యజమానులకి అందులోనే ఇచ్చారట. నాకు ఒళ్ళు మండింది. అయినా సెలవు రోజున నువ్వు ఎక్కడున్నావన్నది ఉద్యోగానికి సంబంధించినది ఎలా అవుతుంది? ఆ ప్రశ్న వాళ్ళని రాతలో అడగమన్నాడు బాబాయి.

ఆఫీసు లాప్‌టాప్ వాళ్ళది, అందులో నీ బ్యాంకు పనులూ వాట్సాపూ పెట్టుకోకు. ఫోన్ నీది. యాప్ తప్పదంటే, ఫోన్ కూడా వాళ్ళనే ఇమ్మను. ఆఫర్ లెటరు, జీతం స్లిప్పులు, నీకిచ్చిన రేటింగ్ లెటర్లు దాచుకో. ఆఫీసు ఫైళ్ళు మాత్రం నీ సొంత మెయిల్‌కి పంపుకోకు, దొంగతనం కింద రాస్తారు. ఎవరు ఏ రోజు ఏమన్నారో చేత్తో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టు. మీటింగ్ అవ్వగానే 'ఈరోజు నన్ను రాజీనామా చెయ్యమన్నారు, కారణం రాసివ్వండి' అని మెయిల్ పెట్టు. రాజీనామా అంటే నీ ఇష్టంతో నువ్విచ్చేది. వాళ్ళకి నువ్వు వద్దనుకుంటే వాళ్ళనే తీసెయ్యమను. ఎంత కంగారు పెట్టినా ఆ గదిలో కూర్చుని దేని మీదా సంతకం పెట్టొద్దు. 'ఇంటికెళ్ళి చదువుకుని చెప్తాను' అని లేచి వచ్చెయ్యి.

ఇంటి ఈఎంఐ గురించి టెన్షన్ పడకు. మూడు నాలుగు నెలలు మేం చూసుకోగలం, నాన్నకి నేను చెప్తాను.

ఆ అక్క కృష్ణలంకలో ఉంటోంది. ఆ వీధిలోంచి ఎన్నిసార్లు వెళ్ళానో, ఒక్కసారీ తలుపు కొట్టలేదు. రేపు ఇది పోస్టు చేసి అటు వెళ్దామనుకుంటున్నాను.

అమ్మ