మా ఒర్రెలో కలిసిన ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ గురించి విద్యుత్ శాఖ మంత్రి గారికి

గౌరవనీయులైన మంత్రి గారికి,

పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి రాస్తున్నాను. పోయిన వానాకాలం ఒక రాత్రి దొంగలు మా పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్‌ను గద్దె మీద నుంచి తోసి, పగలగొట్టి, రాగి తీగ ఎత్తుకుపోయారు. తీగ సంగతి పోలీసులు చూసుకుంటారు. నా బాధ వాళ్ళు పారబోసిపోయిన ఆయిల్ గురించి. తెల్లారి చూస్తే మడిలో మట్టి నల్లబడి ఉంది. ఒర్రె నీళ్ళ మీద రంగురంగుల పొర తేలుతోంది. ఆ ఒర్రె పోయి కలిసేది మా చెరువులోనే. అప్పటికే ఇద్దరు సీసాలు పట్టుకొని వచ్చారు, మోకాళ్ళ నొప్పులకు పూసుకుంటారట. నవ్వలేకపోయాను. మా అమ్మ పూసుకునేది, తెచ్చిచ్చింది నేనే.

నీళ్ళ మీద తేలిందంటే అందులో ఎక్కువ భాగం మామూలు పెట్రోలియం నూనే. ఊళ్ళలోని ట్రాన్స్‌ఫార్మర్లలో సాధారణంగా ఉండేదీ అదే. నా టెన్షన్ రిపేరు షెడ్డుతోనే. ఒకప్పుడు కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో పీసీబీలనే రసాయనాలు వాడేవారు. అంత తేలిగ్గా నిప్పంటుకోవు, వేడికి చెడిపోవు. మట్టిలో పడ్డా అంతే, ఏళ్ళ తరబడి చెడిపోవు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మేము తలా కొంత వేసుకొని ట్రాక్టర్ మీద షెడ్డుకు తీసుకెళ్తాం. అక్కడ అన్నిటి ఆయిలూ ఒకే డ్రమ్ములోకి వంచుతారు, వడపోసి ఇంకోదాంట్లో నింపుతారు. వడపోస్తే మురికి, తేమ పోతాయి, పీసీబీ పోదు. ఎక్కడిదో ఒక్క పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆ డ్రమ్ములో కలిసినా పది ఊళ్ళకు పాకుతుంది.

పీసీబీ నీళ్ళలో దాదాపు కరగదు, కొవ్వులో నిలిచిపోతుంది. చెరువు బురద నుంచి పురుగులకు, చేపలకు, అక్కడి నుంచి మనకు, తల్లిపాలతో బిడ్డకు. మా ఊళ్ళో కొర్రమట్ట దొరికితే వదిలేవాళ్ళు లేరు. 1968లో జపాన్‌లో తవుడు నూనెలో ఇది కలిసి వేలమంది జబ్బుపడ్డారు. ఇది క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2013లో తేల్చింది.

ఇలాంటి విష రసాయనాలను ఆపాలనే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని మన దేశం 2006లోనే ఆమోదించింది. పీసీబీల వాడకం 2025 డిసెంబర్ 31 కల్లా పూర్తిగా ఆగిపోవాలని కేంద్రం 2016లో ఉత్తర్వు ఇచ్చింది. మా ట్రాన్స్‌ఫార్మర్‌లో పీసీబీ ఉందని నేను అనట్లేదు. లేదని ఎవరు పరీక్షించారో చెప్పండి, చాలు.

ముందు షెడ్డుల్లోని డ్రమ్ములకు పరీక్ష చేయించండి. పీసీబీ పది లక్షల పాళ్ళలో 50 పాళ్ళు దాటితే దాన్ని పక్కన పెట్టించండి. బట్టీలకు మాత్రం అమ్మనివ్వకండి, చాలీచాలని మంటలో కాలిస్తే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి. పరీక్షించిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫలితం పెయింటుతో రాయించండి, లైన్‌మన్‌కూ మాకూ కనపడేలా.

నల్లబడ్డ మట్టిని రెండు యూరియా సంచుల్లోకి ఎత్తి మూతి కట్టి గట్టు మీద పెట్టాను. ఎక్కడ పడేయాలని లైన్‌మన్‌ను అడిగితే "చెరువులో తప్ప ఎక్కడైనా" అన్నాడు. సంచులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఎవరినైనా పంపిస్తే చూపిస్తాను.

ఇట్లు,
పరకాల ప్రాంత రైతు